సుకగావా: రాక్షసులకూ విగ్రహాలు నిలిపిన ఊరు

టోక్యో నుంచి ఉత్తరానికి సుమారు 200 కిలోమీటర్లు వెళ్తే సుకగావా వస్తుంది. ఫుకుషిమా ప్రాంతంలో 70 వేల పైచిలుకు జనాభా ఉన్న పట్టణం. బుల్లెట్ రైలు ఇక్కడ ఆగదు. కోరియామాలో దిగి లోకల్ రైలు పట్టుకోవాలి. జపాన్ చూడటానికి వెళ్లేవాళ్ల జాబితాలో ఈ పేరు అంతగా కనిపించదు. అయితే స్టేషన్ బయట కాలు పెట్టగానే జపాన్ టీవీ సూపర్ హీరో అల్ట్రామ్యాన్ విగ్రహం ఎదురవుతుంది. అక్కణ్నుంచి ఊరి నడిబొడ్డున ఉన్న తైమాత్సు వీధికి నడిచి వెళ్తే, కాలిబాట పొడవునా ఇంకొందరు నిలబడి ఉంటారు. అల్ట్రాసెవెన్, జోఫీ, అల్ట్రా వంశానికి తల్లి. వాళ్ల వరసలోనే గొమొరా, ఎలెకింగ్, కానెగాన్.

ఈ చివరి ముగ్గురూ రాక్షసులు. గొమొరా ఒసాకా కోటను కూల్చిన రాక్షసబల్లి. కానెగాన్ డబ్బు యావ ముదిరి, నాణేలు తింటే తప్ప బతకలేని జీవిగా మారిపోయిన బడిపిల్లవాడు. కాపాడినవాళ్లకు ఇచ్చిన చోటే, కూలగొట్టినవాళ్లకూ ఇచ్చింది ఈ ఊరు. జపాన్ సూపర్ హీరో సీరియళ్లు పెద్దలు చూడదగ్గవా, లేక వట్టి పిల్లలాటా అని ప్రపంచమంతటా ప్రేక్షకులు ఏళ్ల తరబడి వాదించుకుంటున్నారు. ఆ వాదన ఎక్కడ దారి తప్పుతోందో అర్థం చేసుకోవడానికి ఈ వీధిని మించిన చోటు లేదని నా నమ్మకం.

ఈ విగ్రహాలన్నిటికీ మూలపురుషుడు ఎయిజీ త్సుబురాయ. 1901 జులై 7న ఇక్కడే పుట్టాడు. గాడ్జిల్లాకు తెరమీద రూపం ఇచ్చినవాడు, అల్ట్రామ్యాన్‌ను ఇంటింటికీ తెచ్చినవాడు. ఆయన వెళ్లిపోయి యాభై ఏళ్లు దాటినా ఊరు ఆయన్ని వదల్లేదు. 2013 మే 5న, జపాన్‌లో బాలల దినోత్సవం నాడు, సుకగావా నగరపాలక సంస్థ ఒక ఒప్పందం చేసుకుంది. అల్ట్రామ్యాన్ సొంతూరైన ఎమ్ 78 నెబ్యులాలోని ‘కాంతి దేశం’తో సోదర నగర బంధం. లేని ఊరితో ఒప్పందం ఏమిటని నవ్వేవాళ్లు ఉండొచ్చు. 2013లో, ఆ పట్టణం అప్పుడున్న పరిస్థితిలో, ఆ పని ఎందుకు చేసిందో తెలిస్తే నవ్వు రాదు. ఆ సంగతి కాసేపట్లో.

ముందు మన సంగతి. తెలుగు ఇళ్లలో ఈ సీరియళ్ల మీద ఒక స్థిరాభిప్రాయం ఉంది. రబ్బరు తొడుగు వేసుకున్న మనిషి, అట్టపెట్టెల మేడలు, చేతులు తిప్పుతూ కేకలు, చివర్లో పెద్ద పేలుడు. 1980ల్లో దూరదర్శన్‌లో ‘జెయింట్ రోబో’ చూసిన తరం ఒకటుంది. చేతిగడియారంలోకి మాట్లాడితే ఆకాశం నుంచి దిగివచ్చే ఉక్కు మనిషిని వాళ్లు మర్చిపోలేదు. చివరి ఎపిసోడ్‌లో ఆ రోబో పిల్లవాడి ఆజ్ఞను మొదటిసారి ధిక్కరించి, శత్రువును పట్టుకుని అంతరిక్షంలోకి ఎగిరిపోయి, వాడితోపాటే అంతమైపోతుంది. తర్వాతి తరానికి జెటిక్స్ చానల్లో తెలుగు డబ్బింగ్‌తో ‘పవర్ రేంజర్స్’ వచ్చింది. రంగురంగుల దుస్తుల్లో అయిదుగురు, ఆ తర్వాత బడి బ్యాగుల మీదా టిఫిన్ డబ్బాల మీదా వాళ్ల బొమ్మలు. మనలో చాలామందికి జపాన్ సూపర్ హీరో అంటే ఇదే.

కానీ ‘పవర్ రేంజర్స్’గా మనం చూసింది అసలు జపాన్ సరుకు కాదు, అమెరికాలో వడగట్టి పంపినది. 1992లో జపాన్‌లో ‘జ్యూరేంజర్’ అనే సీరియల్ వచ్చింది. అందులోని పోరాట దృశ్యాలను అమెరికన్లు కొనుక్కుని, ముసుగు తీసిన తర్వాత కనిపించే మనుషుల దృశ్యాలను తమ నటులతో మళ్లీ తీసుకుని, 1993లో ‘పవర్ రేంజర్స్’గా అమ్మారు. అసలు కథలో బురాయ్ అనే ఆకుపచ్చ వీరుడికి ఆయుష్షు కొద్ది గంటలే మిగిలి ఉంటుంది. కాలం కదలని ఒక గదిలో ఉన్నంతసేపే అతను క్షేమం. స్నేహితులను ఆదుకోవడానికి బయటికొచ్చిన ప్రతిసారీ అతని ప్రాణదీపమైన కొవ్వొత్తి కొంత కరిగిపోతుంది. ఆ సంగతి తెలిసీ వస్తాడు. చివరికి చనిపోతాడు. తమ్ముడు ఆ కవచాన్ని తొడుక్కుని యుద్ధం కొనసాగిస్తాడు. ఏడెనిమిదేళ్ల జపాన్ పిల్లలు దీన్ని ఇంట్లో కూర్చుని చూశారు. అమెరికన్ రూపంలో ఆకుపచ్చ రేంజర్ చావడు. శక్తులు పోగొట్టుకుంటాడు, కొన్నాళ్లకు తెల్ల రేంజర్‌గా తిరిగొస్తాడు.

అంటే చావు అనే సంగతిని కథలోంచి తీసేసి, తన్నులాటను మాత్రం ఉంచుకున్నారు. 1994లో న్యూజిలాండ్ ఆ సీరియల్‌ను హింస ఎక్కువైందని టీవీలోంచి తీసేసింది. బరువైన భాగం పోయి గుద్దులే మిగిలాక అలాంటి ఫిర్యాదు రావడంలో ఆశ్చర్యం లేదు. ఈ సీరియళ్లు పిల్లచేష్టలన్న పేరు ప్రపంచంలో సగానికి పైగా ఇలా వచ్చిందే.

మళ్లీ సుకగావాకు వద్దాం. త్సుబురాయ కుటుంబం బియ్యంతో పులియబెట్టే పదార్థం తయారుచేసే వ్యాపారంలో ఉండేది. అతనికి మూడేళ్ల వయసులో తల్లి పోయింది. తండ్రి ఇల్లు విడిచి వెళ్లాడు. అమ్మమ్మ, తనకంటే కొద్దిగా పెద్దవాడైన మేనమామ చేతుల మీదుగా పెరిగాడు. పిల్లవాడికి విమానాల పిచ్చి. 1916లో టోక్యో దగ్గర హనెదాలో పెట్టిన విమాన పాఠశాలలో చేరాడు. మరుసటి ఏడే శిక్షకుడు విమాన ప్రమాదంలో చనిపోవడంతో బడి మూతపడింది. ఎగరాలనుకున్న కుర్రవాడు సినిమా కెమెరా వెనక్కి చేరాడు.

అతని జీవితంలో అందరూ మెచ్చుకునే భాగం గాడ్జిల్లా. అంతకు ముందున్న భాగాన్ని కూడా చెప్పుకోవాలి. 1942లో పెర్ల్ హార్బర్ దాడి మీద జపాన్ ప్రభుత్వం కోసం తీసిన యుద్ధ ప్రచార చిత్రానికి నమూనా ఓడలు, నమూనా రేవు కట్టి నిజమని భ్రమింపజేసింది త్సుబురాయే. యుద్ధం ఓడిపోయాక, ఆక్రమణ కాలంలో ఆ పనికి మూల్యంగా తోహో స్టూడియోలో ఉద్యోగం పోగొట్టుకున్నాడు. 1954 మార్చిలో బికినీ దీవి దగ్గర అమెరికా హైడ్రోజన్ బాంబు పరీక్ష జరిపినప్పుడు ఒక జపాన్ చేపల పడవ మీద రేడియోధార్మిక బూడిద రాలింది. అదే ఏడాది నవంబర్ 3న ‘గాడ్జిల్లా’ విడుదలైంది. విజయాన్ని బొమ్మ ఓడలతో చూపించిన చేతులే, ఇప్పుడు కాలిపోతున్న టోక్యోను బొమ్మ మేడలతో చూపించాయి. ఈ రెంటినీ చేసిన మనిషి తర్వాత పిల్లలకోసం సీరియల్ తీశాడన్నది మర్చిపోకూడని సంగతి.

1963లో సొంత సంస్థ పెట్టాడు. 1966 జులై 17న ‘అల్ట్రామ్యాన్’ మొదలైంది. మొత్తం 39 ఎపిసోడ్‌లు. సగటు రేటింగ్ 36.8 శాతం. పిల్లలొక్కరే చూస్తే అంత రాదు. ఇంటిల్లిపాదీ టీవీ ముందు కూర్చున్నారు.

ఆ సీరియల్‌కు త్సుబురాయ పెట్టుకున్న నియమం, తెరమీద నెత్తురు చూపించకూడదన్నది. పిల్లలు చూస్తారు కనుక. రాక్షసుల రూపాలు గీసిన శిల్పి తోరు నారితా ఇంకా ముందుకెళ్లాడు. ఉన్న జంతువునే పెద్దది చేసి రాక్షసుడని చూపించను, రెండు తలలు మూడు తలలు అతికించను, చీలిన ఒళ్లూ చెదిరిన పేగులూ గీయను అని మూడు కట్టుబాట్లు పెట్టుకున్నాడు. అల్ట్రామ్యాన్ ముఖంలో ఆ లీలామాత్రపు చిరునవ్వును పురాతన బుద్ధ విగ్రహాల నుంచి తీసుకున్నాడు. ఇవాళ ఒక సీరియల్‌ను పెద్దల స్థాయి అని పొగడాలంటే ముందుగా దానిలో నెత్తురు ఎంత ఉందో చూస్తున్నాం. ఈ ఇద్దరూ సరిగ్గా అదే వద్దన్నారు. వద్దన్నాక కథలో ఏం పెట్టారో చూడాలి.

1966 డిసెంబర్‌లో వచ్చిన 23వ ఎపిసోడ్ తీసుకుందాం. రాసింది మమోరు ససాకి, దర్శకుడు అకియో జిస్సోజి. ఒక దేశం అంతరిక్షంలోకి పంపిన వ్యోమగామి, పేరు జమీలా. అతని నౌక దారితప్పి నీళ్లన్నవే లేని గ్రహం మీద పడుతుంది. తమ వైఫల్యం బయటపడుతుందని ఆ దేశం అతన్ని వెతకదు, అసలు అతను వెళ్లినట్టే ఒప్పుకోదు. ఆ ఎండుగ్రహం మీద బతకడానికి జమీలా ఒళ్లు మారిపోతుంది. చర్మం బీటలు వారిన నేలలా తయారవుతుంది, తల భుజాల్లోకి కూరుకుపోతుంది. చివరికి సొంతంగా నౌకను బాగుచేసుకుని, తనను వదిలేసిన భూమి మీద పగతో, అంతర్జాతీయ శాంతి సమావేశం జరిగే చోటికి వస్తాడు.

అతను మనిషేనని తెలిసిన తర్వాత రక్షణ దళానికి పైనుంచి వచ్చే ఆదేశం ఏమిటంటే, సంగతి బయటికి రానివ్వకుండా రాక్షసుడిగానే చంపెయ్యండి అని. ‘ఇదే’ అనే పేరున్న దళ సభ్యుడు, మిగతా ఎపిసోడ్‌లలో నవ్వించే మనిషి, తుపాకీ కింద పడేసి ఎదురు తిరుగుతాడు. రేపు మనకూ ఇదే గతి పట్టదా అని అడుగుతాడు. ఎవరి దగ్గరా జవాబు ఉండదు. అల్ట్రామ్యాన్ వస్తాడు. రోజూ వాడే కాంతి అస్త్రం ఈసారి వాడడు. చేతులు చాపి నీళ్లు చిమ్ముతాడు. నీళ్ల కోసం అలమటించి అలా అయిపోయినవాడిని నీళ్లతో చంపడం. జమీలా బురదలో పొర్లుతాడు. నేలకొరిగిన దేశదేశాల జెండాల వైపు చెయ్యి చాపుతూ పాకుతాడు. అప్పుడు వినిపించేది రాక్షసుడి గర్జన కాదు, పసిబిడ్డ ఏడుపు లాంటి గొంతు. కెమెరా ఆ దృశ్యం మీది నుంచి కదలదు. పిల్లల సీరియల్‌లో అంతసేపు ఒక చావును చూపించే ధైర్యం ఇప్పటికీ చాలామందికి లేదు.

తర్వాత అతనికి సమాధి ఫలకం పెడతారు. విజ్ఞాన శాస్త్రం కోసం ప్రాణమిచ్చిన వీరుడని చెక్కుతారు. ఎప్పుడూ ఇంతే, చచ్చినవాడికి రాతలు మాత్రం గొప్పగా రాస్తారు అన్న అర్థం వచ్చేలా దళ సభ్యుడు ‘ఇదే’ గొణుక్కుంటాడు. ఎపిసోడ్ అక్కడితో అయిపోతుంది. గెలుపు సంగీతం ఉండదు.

పిల్లలు దీన్ని ఎలా తీసుకున్నారో కూడా చెప్పాలి. చొక్కా విప్పేటప్పుడు కాలర్‌ను నెత్తిమీదికి లాక్కుని, ముఖం ఒక్కటే బయటికి కనిపించేలా పెట్టుకుని ‘జమీలా’ అని తిరగడం జపాన్‌లో కొన్ని తరాల పిల్లల ఆట. ఆడుకున్నారు, నవ్వుకున్నారు. ఆ ఏడుపు కూడా గుర్తుంచుకున్నారు. ఇప్పుడు అరవై దాటినవాళ్లు కూడా ఈ ఎపిసోడ్ ప్రస్తావన వస్తే కాసేపు మాట్లాడకుండా ఉండలేరు. పిల్లల ప్రేక్షకత్వాన్ని మనం తక్కువ అంచనా వేస్తాం. వాళ్లకు పూర్తిగా అర్థం కానిది కూడా వాళ్లలో ఉండిపోతుంది, వయసొచ్చాక తెరుచుకుంటుంది.

అల్ట్రామ్యాన్ రచయితల గదిలో ఇద్దరు ఒకినావా వాళ్లున్నారు. టెత్సువో కిన్జో, షోజో ఉఎహారా. ఒకినావా అంటే జపాన్ గడ్డ మీద యుద్ధం అత్యంత ఘోరంగా జరిగిన చోటు. 1972 దాకా అమెరికా పాలనలోనే ఉంది. కిన్జో చిన్నతనంలో ఆ యుద్ధం మధ్యలో బతికి బయటపడ్డాడు. ఆ యుద్ధంలో అతని తల్లి కాలు పోయింది. టోక్యోలో ఒకినావా వాళ్లను చిన్నచూపు చూడటం ఆ రోజుల్లో మామూలు. ఈ నేపథ్యం తెలిసి చూస్తే వాళ్ల కథలు వేరేగా వినిపిస్తాయి.

1968లో ‘అల్ట్రాసెవెన్’ సీరియల్ కోసం కిన్జో రాసిన ఒక కథలో సముద్రగర్భంలో నోన్‌మాల్ట్ అనే జాతి ఉంటుంది. మనుషులు ఆ జాతి మీద దాడి చేస్తున్నారని ఒక పిల్లవాడు వచ్చి హెచ్చరిస్తాడు. ఈ భూమి అసలు యజమానులు నోన్‌మాల్ట్‌లేననీ, మనుషులే వాళ్లను సముద్రంలోకి తరిమేసి ఆక్రమించుకున్నారనీ అంటాడు. అది నిజమేనేమో అన్న అనుమానం హీరోకు వస్తుంది. తేలేలోపే రక్షణ దళ నాయకుడు వాళ్ల నగరాన్ని పేల్చేసి, సముద్రం కూడా మనదైందని సంబరపడతాడు. మన హీరో ఎవరి పక్షాన పోరాడాడు? కథ జవాబు చెప్పదు.

ఉఎహారా రాసింది ఇంకా కటువు. 1971లో ‘రిటర్న్ ఆఫ్ అల్ట్రామ్యాన్’ శుక్రవారం సాయంత్రం 7 గంటలకు వచ్చేది. ఆ నవంబర్‌లో ఒక ఎపిసోడ్‌లో నది ఒడ్డున పాకలో ఒక అనాథ కుర్రవాడు, ఒక ముసలాయన ఉంటారు. ముసలాయన నిజానికి వేరే గ్రహం మనిషి, ఎవరికీ హాని చెయ్యనివాడు. కుర్రవాడే గ్రహాంతరవాసి అన్న పుకారు ఊరంతా పాకుతుంది. బడిపిల్లలు వాణ్ని మెడదాకా మట్టిలో పాతి బురదనీళ్లు పోస్తారు. వాడికి అన్నం గిన్నె కూడా మిగలనివ్వరు. రొట్టెల దుకాణంలో ఒక అమ్మాయి మాత్రం, మా దుకాణం రొట్టెలమ్మేదే కదా అన్నంత మామూలుగా, వాడి చేతిలో రొట్టె పెడుతుంది. చివరికి కర్రలు పట్టుకున్న గుంపు వస్తుంది. ముసలాయన బయటికొచ్చి గ్రహాంతరవాసిని నేనే అని చెప్పి, కుర్రవాణ్ని వదిలెయ్యమంటాడు. గుంపు ముందే పోలీసు తుపాకీ పేలుతుంది. ఆయన చస్తాడు. ఆయన అణచి ఉంచిన రాక్షసుడు అప్పుడు బయటికొస్తాడు. అంతసేపు కర్రలెత్తినవాళ్లే కాపాడమని అరుస్తారు. హీరో కదలడు. వీళ్లను ఎందుకు కాపాడాలి అని నిలబడిపోతాడు.

1923 కాంతో భూకంపం తర్వాత పుకార్లు నమ్మిన గుంపులు కొరియన్లను వెతికి వెతికి చంపాయి. ఆ ఎపిసోడ్ చూసిన జపాన్ పెద్దలకు అది గుర్తురాకుండా ఉండదు. పిల్లలకు చరిత్ర తెలియదు. రొట్టె ఇచ్చిన అమ్మాయి ఏ పక్షమో, కర్ర పట్టినవాళ్లు ఏ పక్షమో మాత్రం స్పష్టంగా తెలుసు. ‘పరిణతి’ అన్న మాటకు ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

అన్నీ ఇలాంటివేనని అనను. వారం వారం వచ్చే సీరియళ్లలో ఎక్కువ భాగం రాక్షసుడు రావడం, హీరో వచ్చి కొట్టడమే. కొత్త ఆయుధం వచ్చిన వారమే అది బొమ్మల దుకాణాల్లోకీ వస్తుంది. మరో సీరియల్ హీరో కామెన్ రైడర్ నడుముకు కట్టుకునే బెల్టు బొమ్మ అమ్మకాల మీదే సీరియల్ బతుకుతుంది. తప్పులూ జరిగాయి. ‘అల్ట్రాసెవెన్’ 12వ ఎపిసోడ్‌లోని గ్రహాంతరవాసిని ఒక పత్రిక బొమ్మల కార్డు మీద అణుబాంబు బాధితులను సూచించే పేరుతో వేసింది. 1970లో బాధితుల సంఘాలు దాని మీద నిరసన తెలిపాయి. అప్పటి నుంచి సంస్థ ఆ ఎపిసోడ్‌ను ప్రసారం చెయ్యలేదు, అమ్మలేదు. ఆ కథ ఉద్దేశం అణు పరీక్షలను ఎత్తిచూపడమేనని వాదించే అభిమానులు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ల బాధ అర్థమవుతుంది. అయినా కాలినవాళ్లు మాకు నొప్పి కలిగిందన్నప్పుడు పక్కకు పెట్టడమే సరైన పని.

ప్రేక్షకుల చూపు మారింది ఆ పిల్లలు పెద్దవాళ్లయ్యాకే. ‘ఎవాంజెలియన్’ యానిమేషన్ సీరియల్ తీసిన హిదెఆకి అన్నో 1983లో, విద్యార్థి మిత్రులతో కలిసి, ముసుగు కూడా లేకుండా తానే అల్ట్రామ్యాన్‌గా నటించి ఒక చిన్న సినిమా తీశాడు. బొమ్మ మేడలు ఎంత శ్రద్ధగా కట్టారో చూస్తే ఆటపట్టించడానికి తీసింది కాదని తెలిసిపోతుంది. 2022లో అదే అన్నో ‘షిన్ అల్ట్రామ్యాన్’ రాశాడు, 2023లో ‘షిన్ కామెన్ రైడర్’కు దర్శకత్వం వహించాడు. 2000 జనవరిలో మొదలైన ‘కామెన్ రైడర్ కూగా’ పిల్లలతోపాటు తల్లిదండ్రులనూ కూర్చోబెట్టింది. దాని చివరి పోరాటం మంచులో. ఇద్దరి ముసుగులూ పోయి మనుషులుగా మిగిలి పిడికిళ్లతో కొట్టుకుంటారు. దుర్మార్గుడు నవ్వుతూ కొడతాడు. హీరో ఏడుస్తూ కొడతాడు. ఇది ఆదివారం ఉదయం 8 గంటలకు వచ్చింది.

దాంతో నిర్మాతల్లో కొందరికి ఒక ఆశ పుట్టింది, ప్రత్యేకంగా పెద్దలకోసమే తీద్దామని. 2004లో ‘అల్ట్రామ్యాన్ నెక్సస్’ శనివారం ఉదయం చీకటి కథ చెప్పింది. రేటింగ్ రాక అనుకున్నదానికంటే ముందే 37 ఎపిసోడ్‌లతో ముగిసింది. ఇప్పుడు దాన్ని ఆరాధించేవాళ్లు ఎందరో. 2022లో ప్రైమ్ వీడియోలో ‘కామెన్ రైడర్ బ్లాక్ సన్’ వచ్చింది. రాక్షస జాతిని సమాజం వెలివేసిన మైనారిటీగా చూపించిన కథ, తెగిన అవయవాలతో, పెద్దలకు మాత్రమే అన్న ముద్రతో. దాని తపన నిజాయితీగా ఉంది, కొన్ని దృశ్యాలు మరచిపోలేం. కానీ ద్వేషం గురించి అది పది ఎపిసోడ్‌లలో చెప్పింది ఉఎహారా 1971లో అరగంట లోపే, నెత్తుటి ముద్దలు చూపించకుండా, అన్నం వేళకు టీవీ ముందున్న పిల్లలకు చెప్పేశాడు. ఉఎహారాదే గట్టి దెబ్బ. పెద్దలకు పెద్దల సంగతి చెప్పడం సులువు. పదేళ్లవాడికి అబద్ధం చెప్పకుండా చెప్పడం కష్టం. నా తూకంలో పరిణతి బరువు అక్కడే తేలుతుంది.

ఇక 2013 సంగతి. 2011 మార్చి 11న 9.0 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు ప్రపంచం చూసింది తీరం మీది సునామీని, ఫుకుషిమా అణు కేంద్రాన్ని. సుకగావా లోతట్టు ఊరు, సముద్రం ఇక్కడికి రాలేదు. అయినా పట్టణ పరిధిలోని ఫుజినుమా జలాశయం మట్టికట్ట ఆ కుదుపుకు తెగింది. రైతుల కోసం 1949లో కట్టిన చెరువు అది. నీళ్లు లోయలో పడి ఏడుగురు చనిపోయారు, ఒకరు దొరకలేదు. నగరపాలక భవనం పనికిరాకుండా పోయింది. ఊరి నడిబొడ్డు బోసిపోయింది. పైగా ఫుకుషిమా అనే పేరు వింటేనే బియ్యం, పళ్లు కొనేవాళ్లు వెనకడుగు వేసే రోజులు. ఆ రోజుల్లో సుకగావా అల్ట్రామ్యాన్ దేశంతో చెయ్యి కలిపింది. మా ఊరు ఇంకా ఉంది, పిల్లల్ని తీసుకురండి అని చెప్పడానికి ఆ ఊరి చేతిలో ఉన్న మంచి పేరు అదొక్కటే.

తర్వాత చేసిన పనులు ఇంకా గట్టివి. 2019 జనవరిలో ఊరి మధ్యలో ‘తెత్తె’ అనే ప్రజాకేంద్రం తెరిచారు. గ్రంథాలయం, పిల్లల ఆటస్థలం, సమావేశ గదులు అన్నీ ఒకే కప్పు కింద. పై అంతస్తులో త్సుబురాయ ఎయిజీ మ్యూజియం. ప్రవేశం ఉచితం. పుస్తకం తెచ్చుకోవడానికి వచ్చిన బడిపిల్ల పైకెళ్లి బొమ్మ మేడలు ఎలా కట్టేవారో చూసి రావొచ్చు. 2020 నవంబర్‌లో టోకుసాట్సు ఆర్కైవ్ సెంటర్ మొదలైంది. నమూనాలతో, ట్రిక్కులతో తీసే ఇలాంటి చిత్రాలను జపాన్‌లో టోకుసాట్సు అంటారు. కంప్యూటర్ గ్రాఫిక్స్ వచ్చాక పాత నమూనాలను పారేస్తుంటే అన్నో, దర్శకుడు షింజి హిగుచి వంటివాళ్లు 2012లో టోక్యోలో పెద్ద ప్రదర్శన పెట్టి ఇవి దాచుకోవాల్సినవని నెత్తీనోరూ బాదుకున్నారు. వాటికి చోటిచ్చింది సుకగావా. మేడలు, వాహనాలు, విమానాలు, అన్నీ అరల్లో. ప్లాస్టర్‌తో కట్టిన గోడలు, కిటికీల వెనక అతికించిన చిన్న చిన్న తెరలు. తెరమీద రెండు క్షణాలు కనిపించి కూలిపోయే మేడకు కూడా లోపల గది ఉందనిపించేలా కట్టిన పనితనం అది. పిల్లలు చూసేదే కదా, ఎలా ఉన్నా చాలు అనుకున్నవాళ్లు ఇలా కట్టరు.

ఈ ఊరికి ఇంకో పాత అలవాటుంది. 1589లో దాతె మసమునే సైన్యం సుకగావా కోటను పట్టుకుంది. కోటను కాపాడిన రాణి అతనికి స్వయానా మేనత్త. ఊరివాళ్లు దివిటీలు పట్టుకుని వచ్చి ఆమె వెంట నిలబడ్డారని చెబుతారు. ఓడిపోయారు. ఆ యుద్ధంలో పోయినవాళ్ల కోసం ఏటా నవంబర్‌లో 10 మీటర్ల ఎత్తు దివిటీలు కట్టి కొండమీద వెలిగిస్తారు. 400 ఏళ్లకు పైగా సాగుతున్న తైమాత్సు ఆకాషి పండుగ ఇది. రాక్షసుల విగ్రహాలున్న వీధికి ఆ దివిటీల పేరే. ఓడినవాళ్లను తలుచుకోవడం తెలిసిన ఊళ్లో పుట్టినవాడు, ఓడిన రాక్షసుడి మీద జాలి పుట్టేలా సీరియళ్లు తీయించాడంటే నాకు వింతగా అనిపించదు. దీనికి రుజువు చూపలేను. ఇది నా నమ్మకం.

సుకగావా దాకా వెళ్లగలిగేవాళ్లు తక్కువమందే. అల్ట్రామ్యాన్ పాత సీరియళ్లు మాత్రం సబ్‌టైటిళ్లతో డిస్కుల మీద దొరుకుతున్నాయి. చూడాలనుకుంటే 23వ ఎపిసోడ్‌తో మొదలుపెట్టండి. పిల్లల్ని వేరే గదిలోకి పంపకండి, పక్కనే కూర్చోబెట్టుకోండి. జమీలాను ఎందుకు వెతకలేదని వాళ్లు అడుగుతారు. చదువుకోపో అని తప్పించుకోకుండా, మీకు తెలిసినంత వరకు జవాబు చెప్పండి.